మూడో కొలత

సున్నా అంటే అస్సలు ఒప్పుకోనని, ఐదంటే పూర్తిగా ఒప్పుకుంటానని, మధ్య అంకెలు మధ్యలో ఉన్నవాళ్ళకని ఆ పిల్ల చెప్పింది. చెప్పి పెన్సిలు చేతికిచ్చింది. కుప్పం బస్సు మదనపల్లె దాటి టమోటా లారీ వెనక చిక్కుకుని నడుస్తూ ఉంది. మణెమ్మ ఒళ్ళో కాగితం, కాగితం కింద సంచి, సంచిలో మడత పెట్టిన చీర కింద మనవరాలు షైలజ ఫైలు. దాని అట్ట మూల మోకాలికి గుచ్చుకుంటూ ఉంది. తేకుండా ఉండాల్సింది, తెచ్చింది. కొడుకు నతానియేలు ఏం చెప్పాడు, తనేం చేసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, కోడి కూయగానే లేచి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫైలు బయటికి లాగి, దొంగలాగా, తన ఇంట్లో తనే దొంగలాగా చీర కింద దాచుకుని వచ్చింది. మనవరాలికి ఇవ్వడానికా అంటే ఏమో. ఇంట్లో వదిలి రావడానికి భయమేసింది, ఇప్పుడు దగ్గరుంటే భయంగా ఉంది. ఆమెకు భయం వెయ్యని చోటు ఎప్పుడుందని.

"సదవతావా అవ్వా, నేను సదివి సెప్పల్నా?" అని అడిగింది పక్క సీటు పిల్ల. పేరు అశ్విని. మదనపల్లె పక్క అంగళ్లు కాలేజీలో చదువుతోందట, ఇల్లు పుంగనూరట. జనంతో నింపించమని కాలేజీలో ఇచ్చిన ఇట్లాంటి కాగితాలు ఒక కట్ట ఉన్నాయి ఆమె దగ్గర.

"సదవతాన్లేమ్మా."

"ఇది తిట్టేది కొట్టేది గురించి కాదవ్వా. అవి అందరికీ కనపడతాయి. ఆడోళ్ళ మీద మనకే తెలీకుండా మన మనసులో ఒకటి ఉంటాది సూడు, దాన్ని కొలిచేది."

"మనకే తెలీనిదాన్ని యాడ కొలుస్తారు తల్లీ?"

"ఈ ఇరవై మాటల్లో," అంది అశ్విని నవ్వి. "నువ్వేసిన అంకెలన్నీ కూడితే తేలిపోతాది."

సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడినాయన ఆ మాట విన్నాడు. పేరు చెంగల్రాయుడని కండక్టరు పిలిస్తే తెలిసింది. మదనపల్లెలో మణెమ్మ ఎక్కగానే తాను లేచి, రామ్మా కూర్చో అని సీటిచ్చిన మనిషి ఆయనే. సంచి కూడా అందుకుని లోపల పెట్టబోతే ఆమే వదల్లేదు. "నాకూ ఒక కాయితమీ పాపా," అన్నాడు. "అన్నిటికీ ఐదే ఏసుకో. ఆడోళ్ళంటే నాకు దేవతలు. బస్సు ఫ్రీ పెట్టినప్పట్నుంచి దేవతలు గుళ్ళో ఉండారా, అందరూ బస్సులోనే ఉండారు. మొగోడికి కమ్మీ మిగిలింది." బస్సంతా నవ్వింది, ఆడవాళ్ళు కూడా నవ్వారు, మణెమ్మా నవ్వింది. అందరి తర్వాత నవ్వి అందరికంటే ముందు ఆపేసింది. సీటిచ్చినవాడి మాటకి నవ్వకపోతే ఏం బాగుంటుంది. ఎంత మంచివాడు, లేవమనకుండానే లేచాడు. కాగితంలో మొదటి మాట అదే ఉంది, ఆడవాళ్ళకి మగవాళ్ళు సీటు ఇవ్వడం మర్యాద అని. ఐదు వేసింది. బస్సు కుదుపుకి ఐదు తోక పక్క గడిలోకి పోయింది.

అక్షరాలు వంకరగా వస్తాయి ఆమెకి. చదవడం వచ్చినంతగా రాయడం రాదు. బడి ముఖం చూడలేదు. చర్చిలో పాటలు నోటికి వచ్చేవి, పాటల పుస్తకం ఎదురుగా ఉండేది, పాడే మాట కింద వేలు పెట్టి, ఈ గుండ్రం ఈ చప్పుడు, ఈ కొమ్ము ఈ దీర్ఘం అని ఆదివారం తర్వాత ఆదివారం పట్టుకుంటూ పోయింది, పాట ఆగినచోట తన వేలూ ఆగిందా అని చూసుకునేది, ఆగితే ఒళ్ళు జలదరించేది. రెండేళ్ళు పట్టింది. పెనిమిటి మోజెస్‌కి చెప్పలేదు. ఆయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరు, చాలా మెత్తని మనిషి, ఉత్తరాలొస్తే పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా చదివి చెప్పేవాడు. నాకూ నేర్పించమని ఒకసారి అడిగితే తల నిమిరి, "నేనుండాను గదా మణీ, నీకెందుకు ఆ కష్టం," అన్నాడు. ఎంత ప్రేమ అనుకుంది. అనుకుని, చర్చిలో వేలు మాత్రం కదుపుతూనే ఉంది. అదేదో పాపం చేస్తున్నట్టు, ఆయన ప్రేమని నమ్మనట్టు. ఆయన మగవాళ్ళ వైపు కూర్చునేవాడు కాబట్టి ఆమె వేలు ఎప్పుడూ చూడలేదు.

ఫైలు మళ్ళీ గుచ్చుకుంది. పదో తరగతి, డిప్లొమా, పుట్టిన తేదీ కాగితం, అన్నీ అసలువి. షైలజ నతానియేలు కూతురు, ఒక్కతే. ఇరవై మూడేళ్ళు. కుప్పంలో రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో కరెంటు పని చూస్తూ హాస్టల్లో ఉంది. రైల్వే పరీక్ష రాసింది, ఇంజన్లో డ్రైవరు పక్కన ఉండే ఉద్యోగం. పాసైంది. రేపు పొద్దున తొమ్మిదికి బెంగళూరులో అసలు కాగితాలు చూపించాలి, చూపించకపోతే పేరు కొట్టేస్తారు. కాగితాలు నాన్న బీరువాలో ఉన్నాయి. అందుకని నాన్నకి కాకుండా అవ్వకి ఫోను చేసింది. "నాయన ఇయ్యడు అవ్వా. నువ్వు తెచ్చీ. సాయంత్రం ఐదింటికి రైలుండాది. నిన్నే నమ్ముకోనుండాను." ఆ మాట విని మణెమ్మ ఏం చేసింది, ఫోను పెట్టేసి నేరుగా పోయి కొడుకుతో చెప్పింది. చెప్పకపోతే ఎట్లా, రేపు తెలిస్తే. నతానియేలు కోప్పడలేదు, వాడెప్పుడూ గొంతు పెంచడు, వాళ్ళ నాన్న పోలికే. బీరువా తీసి ఫైలు ఆమె చేతిలో పెట్టాడు. "బిడ్డకి దొరక్కుండా నువ్వే యాడన్నా పెట్టుమా. రాత్రీ పగలూ తెలీని మొగోళ్ళతో ఇంజన్లో, యాడ దిగతాదో యాడ పడుకుంటాదో. ఆ బిడ్డని నేను కాపాడుకోవద్దా? నువ్వు పోయి, ఇల్లంతా దేవినాను, ఎంత ఎతికినా లేవు అని సెప్పి పిలుచుకోనిరా. నా మాట ఇనదు, నీ మాట నమ్మతాది." స్కూటీ కొనిచ్చాడు ఆ పిల్లకి. మదనపల్లెలోనే బడి ఆఫీసులో ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. చెడ్డ తండ్రని ఎవరంటారు. ఏ గడిలో పెడతావు అట్లాంటి తండ్రిని.

ఏడో మాట. 'మా ఇంట్లో ఆడపిల్లకీ మగపిల్లవాడికీ తేడా లేదు.' ఐదు. ఆలోచించకుండా ఐదు. ఆమెకిద్దరు, ప్రిస్కిల్లా, తర్వాత నతానియేలు. ఇద్దరికీ ఒకే బడి, ఒకే సబ్బు, క్రిస్మసుకి ఒకే తానులో గుడ్డ. ఒకే గిన్నెలో అన్నం. గిన్నె అనుకోగానే చేతికి డబ్బా చల్లదనం తగిలింది, పొద్దున ఫైలు కోసం చెయ్యి పెట్టిన డబ్బా. పిడికెడు బియ్యం డబ్బా. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది, పొయ్యి మీదికి బియ్యం కొలిచేటప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి ఆదివారం తీసుకుపోతారు. యాభై ఏళ్ళుగా వేస్తోంది. కొలిచే గ్లాసుతో మొదటి కొలత మోజెస్‌ది, రెండోది నతానియేలుది, మూడోది ప్రిస్కిల్లాది, తనది అరకొలత. పిడికెడు ఎప్పుడు తీసేది? చెయ్యి తనంతట తాను కదిలింది, ఒళ్ళోని కాగితం మీదే, ఒకటి, రెండు, మూడు, అని, మూడో గ్లాసు నిండగానే వేళ్ళు ముడుచుకున్నాయి. మొదటి దాంట్లోంచి తియ్యలేదు, ఆయన కష్టపడే మనిషి. రెండో దాంట్లోంచి తియ్యలేదు, ఎదిగే మగబిడ్డ. మూడో కొలతలోంచి. ప్రతి పూటా. ఎవరూ చెప్పలేదు, అత్త చెప్పలేదు, పాదిరి గారు చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. అంతా ఒకే గిన్నెలో ఉడికేదే కదా, ఎవరి బియ్యమని ఎవరికి తెలుసు, అని సర్దుకోబోయింది. కానీ వడ్డించేటప్పుడు అడుగంటేది ఎవరి పళ్ళెంలోకి వచ్చేది? "నాకు సాలమ్మా, ఆకల్లేదు," అనే పిల్ల. దానికి ఆకలి తక్కువ అని అందరితో చెప్పేది తను, గొప్పగా. పిల్ల ఆకలి దేవుడికి వేసి వచ్చింది ఆదివారం ఆదివారం, పైట సర్దుకుని, అందరి ముందూ.

ఐదుని చెరపడానికి పెన్సిలు వెనక రబ్బరు లేదు.

"పుంగనూరు, పుంగనూరు," అని కండక్టరు అరిచాడు. ఈ ఊరు వస్తుందని తెలుసు. కళ్ళు మూసుకుని దాటేద్దామనుకుని ఎక్కింది. అశ్విని లేచి బ్యాగు తగిలించుకుంటూ, "పూర్తి సేసి ఫోటో పంపించవ్వా, నంబరు కింద ఉండాది. మనవరాలి కాడికి పోతాండానంటివి గదా, ఆ బిడ్డతో పంపించు," అంది. సరేనంది. ఆ పిల్ల దిగి బస్టాండు వెనక సందులోకి పోయింది, ఒక్కతే, వెనక్కి చూడకుండా. మణెమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఎవరో ఏమో, గంట కాలేదు పరిచయమై, అయినా ఊపింది, మలుపు తిరిగే దాకా. ఎవరిని సాగనంపినా అంతే, మలుపు తిరిగే దాకా ఊపాలి, ఊపకపోతే మళ్ళీ చూడనేమోనని గుండె దడ. ఒక్కసారి ఊపలేదు. ఆ సందులోనే. సందు చివర ఆకుపచ్చ తలుపు ఉండేది.

అల్లుడు థామస్ బడిపంతులు. మంచివాడు, ఇప్పటికీ మంచివాడే. ప్రిస్కిల్లాని ఎండ తగలనివ్వలేదు. నీళ్ళు తనే పట్టేవాడు, కూరగాయలు తనే తెచ్చేవాడు, రైకలు కుట్టేవాడిని ఇంటికే పిలిపించేవాడు. తొమ్మిదో మాట కళ్ళ ముందే ఉంది, 'మంచి భర్త భార్యకు బయటి కష్టం తెలియనివ్వడు.' ఆ రోజు థామస్ ఇంట్లో లేడు. మణెమ్మ మదనపల్లెకి తిరిగి వచ్చేస్తోంది, రెండు చేతులా వంకాయలు, చిక్కుళ్ళు, అల్లుడు ముందురోజే తెచ్చి పెట్టినవి. కూతురు గడప దాకా వచ్చి ఆగింది. "బస్టాండు దాకా వద్దామనుకున్నానమ్మా. ఆయన లేడు గదా," అంది. మణెమ్మకి గుండె నిండిపోయింది, ఎంత బుద్ధిమంతురాలు నా బిడ్డ అని. ఆ నిండడానికి ఎంత వేస్తావు? ఐదు. ఐదు కంటే పైన అంకె లేదు. సందు మలుపులో వెనక్కి తిరిగింది, గడప లోపల ప్రిస్కిల్లా చెయ్యి ఊపుతోంది, ఈమె చేతులు రెండూ వంకాయల బరువుతో ఉన్నాయి. తల మాత్రం ఆడించింది. తొమ్మిది రోజుల తర్వాత ఆ పిల్లకి పొద్దున కడుపులో నొప్పి మొదలైంది. థామస్ పలమనేరులో పరీక్షల డ్యూటీకి పోయాడు. పక్కింటి ఇందిరమ్మ ఆటో పిలుస్తాను రమ్మంటే, "ఆయన వచ్చినాక పోతాంలే అక్కా, నేనొక్కదాన్నే పోతే బాధపడతాడు," అందట. గోడ పట్టుకుని నిలబడి అందట. సాయంత్రం ఆయన వచ్చాడు. పేగు పగిలింది, పొద్దున్నే తెచ్చి ఉంటే అన్నారు ఆసుపత్రిలో. ఇరవై ఆరేళ్ళు. థామస్ తల గోడకేసి కొట్టుకున్నాడు. ఒక్క దెబ్బ కొట్టినవాడు కాదు, ఒక మాట అన్నవాడు కాదు, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి. ఇప్పటికీ ఏటా వచ్చి సమాధికి సున్నం వేస్తాడు. రాతి మీద పెద్ద అక్షరాలతో 'థామస్ గారి ప్రియ భార్య' అని ఉంటుంది, కింద చిన్నగా పేరు. ఆ పెద్ద అక్షరాలు చదివినప్పుడల్లా ఆమెకి చదవడం రాకపోయి ఉంటే బాగుండుననిపిస్తుంది.

బస్సు పలమనేరు ఘోషలోంచి బయటపడి మళ్ళీ బీళ్ళలోకి వచ్చింది. చెంగల్రాయుడు ఎప్పుడు దిగాడో చూడలేదు. ఎండ మొహం మీద పడుతోంది, తెర లాగే ఓపిక లేదు. పన్నెండో మాట దగ్గర పెన్సిలు చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. 'ఆడపిల్లను దూరం పంపకపోవడం ఆమె మీద ప్రేమే.' ఈ కాగితం రాసినవాళ్ళకి తన ఇల్లు ఎట్లా తెలుసు. ఎవరో డబ్బా మూత తీసి చూసినట్టు. ఎందుకంటే ఆ డబ్బాలో షైలజ ఫైలుకి ముందు ఇంకొకటి ఉండేది, ముప్పై అయిదేళ్ళ కిందట, పోస్టుకార్డు. ఎవరికీ చెప్పలేదు. మోజెస్‌కి చెప్పలేదు, దేవుడికి చెప్పేటప్పుడు కూడా పక్కదారిన చెప్పింది. మధ్యాహ్నం పోస్టుమాను ఇచ్చిపోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. వేలు పెట్టి చదివింది. ఒక్కతే, ఎవరి సాయం లేకుండా, పాట లేకుండా, తన జీవితంలో మొదటిసారి ఒక ఉత్తరం మొత్తం చదివింది. ప్రిస్కిల్లాకి నర్సు ట్రైనింగుకి పిలుపు. తమిళ దేశంలో. ఫలానా తారీకున రావాలి. చదివినందుకు వచ్చిన సంతోషం ఇంకా తీరకముందే భయం వచ్చింది, భాష తెలీని ఊరు, పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఎవరు చూసుకుంటారు. చెయ్యి డబ్బా మూత తీసింది, కార్డు బియ్యం అడుక్కి తోసింది. ఆదివారం చర్చిలో డబ్బా వంచితే బియ్యంతో పాటు కార్డు గంపలో పడింది. బియ్యం పట్టే తిమ్మక్క తీసి, "ఏందో సీటీ మణెమ్మా, నీదేనా," అని ఇచ్చింది. తిమ్మక్కకి చదువు రాదు. ఇంటికొచ్చి పొయ్యిలో పెట్టింది. ప్రిస్కిల్లా రెండు నెలలు పోస్టుమాను కోసం గేటు దగ్గర నిలబడింది, తర్వాత, "నాకు రాలేదేమోలేమ్మా, మార్కులు సాల్లేదేమో," అని తల్లినే ఓదార్చింది. ఆ ఏడే థామస్ సంబంధం. నర్సు అయి ఉంటే ఆ నొప్పి ఏమిటో ఆ పిల్లకే తెలిసేది. గోడ పట్టుకుని ఎవరి కోసమూ నిలబడేది కాదు.

చదువు నేర్చుకుని నేను చేసిన మొదటి పని అది.

ఇచ్చేస్తాను. వి.కోట దాటాక అనుకుంది, అనుకోగానే గుండె దడ తగ్గింది, ఇన్నేళ్ళలో అట్లా తగ్గడం ఆమెకి తెలీదు. ఇచ్చేస్తాను, నతానియేలు ఏమన్నా అననీ. చిన్నప్పుడు పిల్లలకి వాక్యం కంఠస్థం చేయించినట్టు మాటలు పేర్చుకుంది, ఇదో తల్లీ, తీసుకో, పోయిరా. ఇదో తల్లీ, తీసుకో, పోయిరా. బస్సు కుదుపుకి ఒకసారి, మలుపుకి ఒకసారి. తర్వాత ప్రిస్కిల్లా కార్డు సంగతి కూడా చెప్పాలి, ఆ పిల్లకే చెప్పాలి, చెబితే అర్థం చేసుకుంటుంది. పన్నెండో గడిలో సున్నా చుట్టింది, పెద్దగా, బాగా గుండ్రంగా వచ్చింది. ఎన్ని సున్నాలు వేస్తే ఎన్ని ఐదులు పోతాయో అశ్వినిని అడగాల్సింది. రాళ్ళ ఫ్యాక్టరీలు వచ్చాయి, రోడ్డు పక్క తెల్లటి దుమ్ము, కోసిన బండలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, పేర్లు చెక్కని సమాధుల్లా. ఇదో తల్లీ, తీసుకో.

కుప్పం బస్టాండులో షైలజ ముందే వచ్చి నిలబడి ఉంది, వీపున బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా. మెట్ల దగ్గర చెయ్యిచ్చి దింపింది. మొహంలోకి చూసింది. "తెచ్చినావా అవ్వా?"

"లేవు తల్లీ," అంది మణెమ్మ. "ఇల్లంతా దేవినా."

తన గొంతే. తడబడలేదు కూడా. ఎంత మెత్తగా, ఎంత ప్రేమగా వచ్చిందంటే తనకే నిజమనిపించింది. ఇదో తల్లీ అనే మాట ఎక్కడికి పోయింది, ఇప్పుడే నోట్లో ఉండింది. ఇంకోసారి నోరు తెరవాలి, తెరవాలి. షైలజ కళ్ళు ఒకసారి స్టేషను వైపు పోయి వచ్చాయి. తర్వాత ఆ పిల్ల చేసిన పని కోప్పడటం కాదు, కోప్పడి ఉంటే బాగుండేది.

"పోనీలే. నువ్వేం సేస్తావు," అంది. "మొగం సూడు ఎట్ల పీక్కపోయిందో. మొదుట కూసో, నీళ్ళు తాగు. సంచి ఇట్లీ, నేను పట్టుకుంటా."

మణెమ్మ వేళ్ళు సంచి పిడి వదల్లేదు. ముసలి వేళ్ళు, ఆ పిల్ల వాటిని ఒక్కొక్కటే నవ్వుతూ విప్పింది, ఎప్పుడూ విప్పినట్టే. బరువు చూసి, "ఏం తెచ్చినావు ఇంత," అని చీర పక్కకి జరిపింది.

ఫైలు బయటికి వచ్చింది. అట్ట మడతలోంచి బియ్యపు గింజలు నేల మీద పడ్డాయి, చప్పుడు లేకుండా. షైలజ వాటిని చూసింది. ఆ డబ్బా ఆ పిల్లకి తెలుసు, చిన్నప్పుడు ఆదివారాలు దాన్ని మోసింది తనే.

"నాయన పెట్టమన్నాడా ఆ డబ్బాలో?"

అవును అనొచ్చు. సగం నిజమే. బస్టాండులో మైకు ఏదో చెబుతోంది.

"నేనే," అంది మణెమ్మ. "నేనే పెట్టినా."

కార్డు సంగతి చెప్పాలి. గొంతు దాకా వచ్చింది, ప్రిస్కిల్లా అత్తకి కూడా, అని మొదలు పెట్టాలి, కానీ ఈ పిల్ల వాచీ చూసుకుంటోంది, ఫైలులో కాగితాలు ఒక్కొక్కటే తిప్పి అన్నీ ఉన్నాయని చూసుకుంటోంది, ఒకసారి కాదు, రెండుసార్లు. అవ్వ చేతిలోంచి వచ్చినదాన్ని లెక్క చూసుకోవడం ఆ పిల్లకి ఇదే మొదలు. చూసుకుని బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది. అట్టలో మిగిలిన గింజలు అరచేతిలోకి దులిపి, అవ్వ చేతిని తెరిచి అందులో పోసి, వేళ్ళు మూసింది.

"ఇవి చర్చికి ఎయ్యి," అంది. "తిరుగు బస్సు ఆ పక్కన ఉంటాది. ఎండలో నిలబడొద్దు."

పోయింది. స్టేషను రోడ్డు మీద బస్సుల మధ్య ఆ బ్యాగు కనిపించి మాయమై మళ్ళీ కనిపించింది. మలుపు ఇంకా దూరంగానే ఉంది. మలుపు తిరిగే దాకా చెయ్యి ఊపాలి. ఎడమ చేతిలో సంచి ఉంది. కుడి చెయ్యి ఎత్తింది, ఎత్తితే అది పిడికిలి, విప్పితే గింజలు పడిపోతాయి, దేవుడికని ఇచ్చిపోయిన గింజలు, కిందపడితే పాపం. విప్పలేకపోయింది. పిడికిలి అట్లాగే గాల్లో పట్టుకుని నిలబడింది, ఎవరినో కొట్టబోతున్నట్టు. ఆ పిల్ల మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూసిందో లేదో, ఎండ కళ్ళలో పడి తెలియలేదు.